ఇంటి పద్దు: చెల్లించిన సొమ్ము, చెప్పిన మాట



ఈ మాసము మన పుటకు విషయమును వెదకుకొనవలసిన పని లేకపోయినది. మహబూబాబాదు నుండి, అనగా మన పెద్దలు మానుకోట యని పిలుచు ఊరినుండి, ఒక సోదరి వ్రాసిన ఉత్తరమే దానిని తెచ్చి ఒడిలో వేసినది. ఆమె కుమారునకు పందెపు కార్లనిన ప్రాణము. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేనుసాగరము చెంత విద్యుత్తుతో నడచు కార్ల పందెము జరిగినది మొదలు ఇంటి గోడలనిండ ఆ బొమ్మలే యట. ఆ బాలుడు పందెముల లోకమును చిరకాలము ఏలిన బెర్నీ ఎకల్‌స్టన్ అను నాతని వృత్తాంతము చదివి, "అమ్మా, కోర్టుల పైసలు కట్టి ఇంటికి పోయిండంట. మరి ఆయన తప్పు చేసినట్టా, చేయనట్టా?" అని అడిగెనట. తల్లి బదులు తోచక నాకు వ్రాసినది.

ప్రశ్న చిన్నదే గాని బదులు చిన్నది కాదు. ముందుగా జరిగినది చెప్పెదను.

ఎకల్‌స్టన్ 1930 అక్టోబరు 28న ఇంగ్లండులో చేపలు పట్టి జీవించువాని యింట పుట్టెను. యౌవనమున మోటారు సైకిళ్లను, వాడిన కార్లను అమ్మి గడించెను. 1970ల ఆరంభమున బ్రాభం అను పందెపు జట్టును కొనెను. ఫార్ములా వన్ పందెములను టెలివిజనులో చూపు హక్కునకు ఎంత వెల గలదో ఇతరులకంటె ముందుగా గ్రహించి, ఆ హక్కును చేజిక్కించుకొని, 2017లో పదవి పోవువరకు ఆ క్రీడకు ఏలికయై మెలగెను. ఏ దేశమువారు పందెము కోరినను పెద్ద రుసుము చెల్లింపవలసినదే. మన దేశమున గ్రేటర్ నోయిడాలో 2011 మొదలు 2013 వరకు ఏటేట ఒక పందెము జరిగినది. ఆ రుసుముపై ఇచట పన్ను కట్టనక్కరలేదని ఫార్ములా వన్ సంస్థ వాదింపగా, కట్టవలసినదేయని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్ 24న తేల్చెను.

ఇక లంచపు కథ. ఫార్ములా వన్‌లో జర్మనీ దేశమునందలి బవేరియా ప్రభుత్వ బ్యాంకునకు వాటా ఉండెడిది. 2006 ప్రాంతమున అది అమ్ముడుపోయెను. అమ్మకమును నడపిన అధికారి గెర్‌హార్డ్ గ్రిబ్‌కౌస్కీ. అతనికి 4 కోట్ల 40 లక్షల డాలర్లు ముట్టెను. తాను మెచ్చిన కొనుగోలుదారునికే వాటా దక్కవలెనని ఎకల్‌స్టన్ ఇచ్చిన లంచమిది యని ప్రభుత్వపక్షము అభియోగము మోపెను. 2012 జూన్ మాసమున గ్రిబ్‌కౌస్కీకి లంచము పుచ్చుకొన్నందులకును, పన్ను ఎగవేసినందులకును ఎనిమిదిన్నర యేండ్ల కారాగారము పడెను.

ఎకల్‌స్టన్ మాత్రము సొమ్మిచ్చిన మాట ఒప్పుకొని, అది లంచమన్న మాటను కాదనెను. తన పన్నులనుగూర్చి బ్రిటిషు అధికారులకు లేనిపోనివి చెప్పెదనని ఆ మనుష్యుడు బెదరించెననియు, నోరు మూయించుటకే ఇచ్చితిననియు ఆయన వాదము. 2014 ఏప్రిల్‌లో మ్యూనిక్ నగరమున విచారణ మొదలయ్యెను. ఆగస్టు 5న ముగిసెను. ఎట్లనగా, ఆయన 10 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. అందు 9 కోట్ల 90 లక్షలు ప్రభుత్వ ఖజానాకు, 10 లక్షలు రోగగ్రస్తులగు పిల్లలను ఆదరించు ధర్మసంస్థకు. ప్రభుత్వపక్షమును, న్యాయస్థానమును సమ్మతించినచో ఇట్లు సొమ్ము కట్టించుకొని విచారణను ఆపివేయుటకు ఆ దేశపు శాసనము ఒప్పును. దోషి యనిగాని, నిర్దోషి యనిగాని తీర్పు లేదు. పుచ్చుకొన్నవాడు చెరకు, ఇచ్చినవాడు ఇంటికి.

కావున మానుకోట బాలునకు మొదటి బదులిది: నాయనా, ఆ సంగతిని న్యాయస్థానము తేల్చలేదు. తేల్చకుండుటకే అంత సొమ్ము చెల్లెను.

కథ అచట ఆగలేదు. 2015 జూలైలో బ్రిటిషు పన్ను అధికారులు ఎకల్‌స్టన్‌ను ఎదుట కూర్చుండబెట్టి, ఆయన ఏర్పరచిన ట్రస్టులనుగూర్చి ప్రశ్నించిరి. కుమార్తెల కొరకు ఒక్కటి మాత్రమే కలదని ఆయన చెప్పెను. నిజమునకు సింగపూరులో ఇంకొకటి కలదు; అందు 40 కోట్ల పౌండ్లకు పైబడిన ధనము కలదు. 2023 అక్టోబరు 12న లండనునందలి న్యాయస్థానమున, 92 యేండ్ల వయసున నిలుచుండి, మోసము చేసితినని ఆయన తన నోటనే ఒప్పుకొనెను. 17 నెలల కారాగారశిక్ష విధించి, రెండేండ్లపాటు దానిని నిలిపి యుంచిరి. పన్నులు, వడ్డీలు, జరిమానాలు కలిపి 65 కోట్ల 26 లక్షల పౌండ్లు కట్టెను. ఇది బాలునకు రెండవ బదులు: ఇచట తప్పు చేసినట్లే, తానే చెప్పెను.

సోదరీ, ఈ భేదమును పిల్లలకు నేర్పుట మన పని. ఆరోపణ వేరు, తీర్పు లేని ముగింపు వేరు, ఒప్పుకోలు వేరు. మన హైదరాబాదు పందెమును గూర్చియే చూడుము. నాటి పురపాలక మంత్రి కల్వకుంట్ల తారకరామారావు గారిపైనను, మరి ఇరువురిపైనను 2024 డిసెంబరు 19న అవినీతి నిరోధక శాఖవారు కేసు నమోదు చేసిరి. తగిన అనుమతులు లేకయే హైదరాబాదు అభివృద్ధి సంస్థ సొమ్ము సుమారు 55 కోట్ల రూపాయలు ఇంగ్లండు సంస్థకు పంపిరని అభియోగము. తాను ఏ తప్పును చేయలేదని ఆయన చెప్పెను. కేసును కొట్టివేయ నిరాకరించుచు 2025 జనవరి 7న హైకోర్టు ఆదేశించినది. కాని అది దోషి యనుట కాదు. వంటింట మనము తీర్పులు చెప్పి, పిల్లలచే చెప్పింపరాదు.

ఇంత దూరదేశపు కోటీశ్వరుని కథ మనకేల యందువా? అందులో ఒక ఆడుది కలదు గనుక. 1990ల నడుమ ఆయన తన సంస్థల వాటాలను భార్య స్లావికా పేరిట మార్చెను. అవి పిదప కుటుంబపు ట్రస్టులో చేరెను. భార్య పేరిట వ్రాయుట తనంతట తప్పు కాదు. గాని పేరు మనదైనప్పుడు, క్రింద చేవ్రాలు మనదైనప్పుడు, పైన వ్రాసిన మాట కూడ మనదే యగునని నేను ఆలస్యముగా తెలిసికొంటిని.

గత సంవత్సరము మేము జనగామ పొలిమేరలో 150 గజముల జాగా కొంటిమి. పట్టా నా పేర. వెల 18 లక్షలు. మధ్యవర్తి వచ్చి, "అమ్మా, కాయితం మీద 6 లక్షలు రాద్దాం. అందరు చేసేదే గద. పంతులుగారికి మీరే చెప్పాలె" అనెను. నాడు స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చు నూటికి ఏడున్నర రూపాయలు. 12 లక్షలు దాచినచో 90,000 మిగులును. మావారు తల యడ్డముగా ఊపిరి. బడిలో పిల్లలకు నీతి చెప్పు నోరు గదా! నేనే పట్టుబట్టితిని. "90,000 అనగా పిల్ల చదువు" అంటిని. వారు మౌనము వహించిరి. నేను చేవ్రాలు చేసితిని.

మా జనగామ జిల్లాలోనిదే బమ్మెర గ్రామము, పోతనగారి ఊరు. చిన్ననాట మా తండ్రిగారు నాకు భాగవతము చెప్పునపుడు వామనచరిత్రమున బలిచక్రవర్తిని చూచి కన్నీరు కార్చితిని. ఆస్తి దక్కించుకొనుటకు ఆడిన మాట తప్పవచ్చునని గురువు శుక్రాచార్యులు చెప్పగా బలి వినలేదు. ఆ గురువే కలశపు తూటికి అడ్డుపడి కన్ను పోగొట్టుకొనెను. ఎన్నిసార్లు చదివినను బలి పక్షముననే నిలిచితి ననుకొంటిని. జాగా కాగితమునొద్దకు వచ్చుసరికి శుక్రాచార్యుల పీట మీద కూర్చున్నది నేను.

ఇటీవల మా యమ్మాయి కూడికలు నేర్చుకొనుటకు నా ఇంటి పద్దు పుస్తకము తీసికొనెను. అందు 18 లక్షలని ఉన్నది; పెట్టెలోని దస్తావేజులో 6 లక్షలని ఉన్నది. రెండును తెచ్చి నా ముందిడి, "ఇందుల ఏది నిజం అమ్మా?" అనినది. పద్దు నిజమంటిని. "మరి సంతకం దీని మీద పెట్టినవేంది?" అనినది. నా యొద్ద బదులు లేకపోయెను.

నష్టము మాటకు వచ్చినను ఆ 90,000 లాభము కాదని తెలిసినది. రేపు ఆ జాగా అమ్మదలచినచో, మేము 6 లక్షలకే కొన్నట్లు లెక్కించి, లేని లాభముపై మమ్మే పన్ను కట్టుమందురు. హక్కులో చిక్కు వచ్చి సొమ్ము తిరిగి అడుగవలసినచో, దస్తావేజు 6 లక్షలకే సాక్ష్యము. దాచిన 12 లక్షలకు మధ్యవర్తి నవ్వు తప్ప ఆధారము లేదు. అమ్మినవాడు మాత్రము తన పన్ను తప్పించుకొని పోయెను.

భూపాలపల్లి బొగ్గుగనిలో మా మరిది పనిచేయుచున్నాడు. జీతము చేతికి రాకమునుపే అతని పన్ను విరిగిపోవును. దాచుటకు అతనికి త్రోవయే లేదు. అతడు వచ్చు మాసమున ఒక జాగా కొనబోవుచున్నాడు, మా తోడికోడలి పేర. ఆమె ఫోను చేసి, "అక్కా, తక్కువ రాయమంటున్నరు, ఏం చేద్దాం?" అనినది. పూర్తి వెల వ్రాయుమంటిని. కొంచెము సేపు పలుకక, "మీరు ఎంత రాసిన్రక్కా?" అనినది. ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. ఆమె ఇంకను ఏ మాటయు చెప్పలేదు.

మానుకోట సోదరీ, నీ కుమారునకు మూడవ బదులు కూడ చెప్పుము. సొమ్ము కట్టినంత మాత్రమున చెప్పిన అబద్ధము చెప్పనిది కాదు. ఆ సంగతి ఎకల్‌స్టన్‌కు 92వ యేట, నాకు మా యమ్మాయి కూడికల పాఠమున తెలిసినది.