మెదక్ చర్చి: కట్టించినోళ్లు, కట్టినోళ్లు



మెదక్ చర్చి ముందు సెల్ఫీ దిగని కాలేజీ పిల్లలు తక్కువ. పని 1914లో మొదలైందని, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిందని, కట్టించింది వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ అని ఎవరినడిగినా చెప్తారు. నమూనా గీసిన హార్డింగ్ పేరు, రంగుటద్దాల కిటికీలు చేసిన ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరు కూడా దొరుకుతాయి. రాళ్లు మోసిన ఒక్క మనిషి పేరు చెప్పమనండి!

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. 'కట్టించాడు', 'కట్టాడు' అనే రెండు క్రియల మధ్య మన జాతి చరిత్ర అంతా ఉంది.

ఊళ్లు కరువుతో అల్లాడుతున్నప్పుడు పోస్నెట్ పని పెట్టి తిండి ఇచ్చాడు. ఆ మిషన్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలు. అందుకే 'గంజికి మతం మారినోళ్లు' అని మనల్ని ఇప్పటికీ పొడుస్తారు. రాయి మోసి తిన్న గంజి కూలి అవుతుంది గానీ లంచం ఎట్లయితది? ఒంగోలు సంగతి చూడండి. మాదిగ యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నది 1866లో, పెద్ద కరువుకు పదేళ్ల ముందు. కరువులో జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనులు చేయించినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలయ్యాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. ఆకలి ఒక్కటే కారణమైతే కరువు పని ఆగాక ఎందుకొస్తారు? వాళ్లు వెతికింది మర్యాద.

మెక్సికో నగరంలో కథ వేరు. 1521లో స్పెయిన్ సైన్యం అజ్టెక్‌ల రాజధానిని నేలమట్టం చేసింది. వాళ్ల గుళ్ల రాళ్లతోనే చర్చి లేపింది. ఇప్పుడున్న కెథెడ్రల్ పని 1573 నుంచి 1813 దాకా నడిచింది. ఆదివాసీల రెక్కలు అందులో అరిగిపోయాయి. 1978లో కరెంటు పనికి తవ్వుతున్న కార్మికులకు కోయోల్షౌకి దేవత చెక్కిన శిల తగిలింది. ఆ తవ్వకాల్లోనే పక్కన పూడ్చిన మహాలయం బయటపడింది. పాతిపెట్టిన చరిత్రను తవ్వి తీసింది కూడా కూలివాళ్లే.

మెదక్‌ను దానితో సమానం చేయను. అక్కడ జనం గుడి కూల్చారు. ఇక్కడ మన జనానికి కూల్చడానికి గుడే లేదు, మెట్లే ఎక్కనివ్వలేదు. 1941లో జాషువ 'గబ్బిలం' రాసేనాటికి కూడా శివుడికి గోడు చెప్పుకోవాలంటే దళితుడికి గబ్బిలమే దిక్కు. అప్పటికి పదిహేడేళ్లుగా మెదక్‌లో మనవాళ్లు తాము మోసిన రాళ్ల నీడలో కూర్చుని పాడుకుంటున్నారు.

అట్లని చర్చికి హారతి పట్టను. కులం చర్చి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు ఆగలేదు. క్యాథలిక్ సంఘంలో మొదటి దళిత కార్డినల్‌ను చూడటానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన మన తెలుగువాడే, కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోనీ.

రాజ్యం మాత్రం కులం పోయిందంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపింది. క్రైస్తవ దళితుడు ఇక్కడ బీసీ-సీ, ఒక్క శాతం. వాడ మారలేదు, పిలుపు మారలేదు, కాగితం ఒక్కటే మారింది. రాళ్లు మోసిన తాత మునిమనుమడు ఇప్పుడు సర్టిఫికెటా, బాప్తిస్మమా అని తేల్చుకోవాలి. ఆ ఉత్తర్వులో మూడో పేరా పోవాలి. మన కొట్లాట దాని మీదే.

మా దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు లేచింది. వందేళ్ల తర్వాత దాని గురించి కూడా 'ఫలానా వాళ్లు కట్టించారు' అనే రాస్తారు. కట్టినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేయండి. పేరు, ఊరు, కూలి ఎంతో అడగండి. మెదక్ వైపు ఊళ్ల విద్యార్థులారా, మీ ముసలవ్వలు చెప్పే తాత ముత్తాతల పేర్లు ఈ ఎండాకాలం సెలవుల్లోనే రాసుకోండి. ఆ రాళ్ల కింద మన పేర్లున్నాయి.