చేపకు చట్టం, గడ్డికి గొర్రు

తమిళనాడు, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ అఖాతంలో మొలలోతు నీళ్లలో నిలబడి వెతికినా ఈ చేప ఒక పట్టాన కంటపడదు. సముద్రపు గడ్డి మధ్య జానెడు పొడవున, ఆకంత పచ్చగా ఉంటుంది. కెరటానికి ఆకు ఊగితే తానూ ఊగుతుంది. తోక చివర రెక్క లేదు, ఆ తోకనే గడ్డిపోచకు చుట్టుకుంటుంది. పళ్లు లేని గొట్టం మూతితో రొయ్యపిల్లల్లాంటి చిన్న జీవాలను చటుక్కున పీల్చేస్తుంది. గుడ్లను పొట్టకు అంటించుకుని పిల్లలయ్యే దాకా మోసేది మగదే. సముద్రగుర్రానికి దగ్గరి చుట్టమైన ఇది పైప్‌ఫిష్‌లలో ఒక రకం.

2001లో కేంద్రం ఈ కుటుంబం మొత్తాన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. అంటే పులి సరసన కూర్చోబెట్టింది. పులికి అడవినీ కేటాయించాం. దీనికి గడ్డిని మాత్రం మిగల్చడం లేదు. మరబోట్లు ఈడ్చే ట్రాలు వల నోరు తెరిచి ఉంచే బరువైన చెక్కలు అడుగున గొర్రు తోలినట్టు పోతాయి. గడ్డి వేళ్లతో సహా లేచి వస్తుంది. దాక్కోవడం తప్ప పారిపోవడం చేతకాని చేప రొయ్యలతో పాటు డెక్ మీద పడుతుంది. ఎండబెడితే చైనా మందుల వ్యాపారానికి సరుకు. పట్టుబడితే కేసు సంచి మోసినవాడి మీద. గడ్డిని పెకలించిన వల మీద కాదు.

గడ్డి ఉన్నచోట ట్రాలు వల దిగకూడదు. తీరానికి ఎన్ని మైళ్లన్న లెక్క ఆ తర్వాత. శ్రీలంక 2017లోనే అడుగు ట్రాలింగ్‌ను చట్టంతో నిషేధించింది. అదే ఏడాది మనవాళ్లు పాక్ అఖాతంలోని 2,000 మరబోట్లను లోతు సముద్రపు ట్యూనా వేటకు మళ్లిస్తామన్నారు. ఆ లెక్క దరిదాపులకైనా పోలేదు. అప్పులు చేసి బోట్లు కొన్నవారిని ఒడ్డున కూర్చోబెట్టి చట్టం చదివి వినిపిస్తే పొయ్యి వెలగదు కదా! పరిహారం ముందు, నిషేధం వెంటనే.

2022లో తమిళనాడు సముద్రపు ఆవుల కోసం 448 చదరపు కిలోమీటర్లను ప్రత్యేకించింది. గడ్డి మేసే ఆ జీవి పుణ్యాన ఈ చేపకూ కొంత నీడ దొరికింది. మరి మన ఆంధ్ర వైపో? పులికాట్ సరస్సులోనూ సముద్రపు గడ్డి ఉంది. దాని హద్దులు మత్స్యశాఖ లెక్కల్లోకి ఎక్కాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మరబోట్లకు సెలవు. 62వ రోజు వల మళ్లీ అదే అడుగును గీకుతోంది. బోట్లలో జీపీఎస్ తెరలు ఎప్పుడో వచ్చాయి. గడ్డి ఎక్కడుందో వాటి మీద గీత గీయించడానికి ఆ 61 రోజులు చాలు.