కితాబులు చెప్పడమూ ఒక అమానతే

"భాయ్, ఉర్దూ చదవడం నేర్చుకోవాలి. ఏం చదవమంటారు?" అని ఎవరైనా వాట్సాప్ గ్రూపులో అడిగితే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఒకరు ఇరవై పీడీఎఫ్‌లు పడేస్తారు. ఇంకొకరు యూట్యూబ్ లింకులు పెడతారు. మరొకరు రేఖ్తా సైటు చూడమంటారు. అడిగినవాడు అందరికీ షుక్రియా చెప్తాడు, ఒక్కటీ తెరవడు.

కసూర్ అతనిదని నేననను. అతను మష్వరా అడిగాడు, మనం గోదాం తాళంచెవి చేతిలో పెట్టాం.

ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగూ ఇంగ్లీషూ చదివిన పిల్లలు మనలో ఎంతోమంది. జబాన్ వచ్చు, లిపి రాదు. ఇంట్లో పెట్టె అడుగున దాదా రాసిన ఖత్ ఉన్నా, దాన్ని చదివి పెట్టమని ఇంకొకరిని బతిమాలాల్సిందే. ఇలాంటివాళ్లు ఎక్కడ ఆగిపోతారో తెలిసినవాడే వాళ్లకు దారి చెప్పగలడు.

తెలుగులో దాదాపు పలికినట్టే రాస్తాం. ఉర్దూలో 'జిందగీ'లోని మొదటి శబ్దానికే నాలుగు అక్షరాలున్నాయి: జే, జాల్, జ్వాద్, జోయ్. పైగా జేర్, జబర్, పేష్ గుర్తులు మామూలు అచ్చులో వేయరు. అందుకే మొదట ఆ గుర్తులన్నీ ఉన్న ఖాయిదా కావాలి. తర్వాత ఇస్మాయిల్ మేరఠీ పిల్లల కోసం రాసిన వాచకాలు. ఆ తర్వాత ప్రేమ్‌చంద్ కథలు. వాటిలో చాలా మాటలు ఇంట్లో చెవిన పడ్డవే. ఈ మూడూ చాలు. నాలుగోది, ఇవి ముగించి వచ్చి అడిగినప్పుడు చెప్పవచ్చు.

"మరి గాలిబ్?" అంటారా? దీవాన్ మొదటే చేతికిస్తే ఫార్సీ సమాసాల దగ్గరే కొత్తవాడి హిమ్మత్ పోతుంది. ముందు గాలిబ్ ఉత్తరాలు ఇవ్వండి. ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్తున్నట్టుంటాయి. అసలు ఇంతెఖాబ్ విలువ ఆయనకు బాగా తెలుసు. 1841లో అచ్చయిన దీవాన్‌లో, పడుచు వయసులో రాసిన షేర్లు ఎన్నింటినో చేర్చకుండా వదిలేశాడు. సొంత కలాంనే అంతలా వడకట్టినవాడి పేరు చెప్పుకుంటూ, మనం వడకట్టని లింకులు పంచుతున్నాం.

"ఎంచడానికి నువ్వెవరు? అన్నీ ఇచ్చేస్తే వాళ్లే ఎంచుకుంటారు కదా" అనే ఏతరాజ్ ఒకటుంది. అందులో కొంత నిజముంది. ఎంచేవాడు తన పసంద్‌ను కూడా కలిపేస్తాడు. అందుకే ఏది ఎందుకు చెప్పామో, ఏది ఎందుకు వదిలామో దాచకుండా చెప్పాలి. కానీ మంచీ చెడూ తేల్చుకునే చూపు కొంత నేర్చుకున్నాకే వస్తుంది. అది రాకముందే యాభై కితాబులిచ్చి నువ్వే ఎంచుకో అనడం ఆజాదీ ఇవ్వడం కాదు, మన మెహనత్‌ను అతని నెత్తిన పెట్టడం.

నా గుజారిష్ ఒకటే. ఈసారి ఎవరైనా అడిగితే ముందు మీరే అడగండి: ఇప్పటికి ఎంత వచ్చు, రోజుకు ఎంతసేపు కూర్చోగలవు, దేనికోసం నేర్చుకుంటున్నావు? ఆ జవాబులు విన్నాక, మీరు స్వయంగా ఆఖరి పేజీ దాకా చదివినవాటిలోంచే రెండు చెప్పండి. నెల తర్వాత ఎక్కడిదాకా వచ్చావని ఒక్కసారి పలకరించండి.