క్లచ్ జారితే ప్లేట్లే మార్చాలా?

ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయిందనుకోండి. రీస్టార్ట్ చేసి "అయిపోయింది" అంటే మేనేజరు ఊరుకుంటాడా? రూట్ కాజ్ ఏంటని మెయిలు మీద మెయిలు కొడతాడు. మనం కూడా రాత్రంతా కూర్చుని లాగ్స్ తవ్వుతాం. అదే మనం, బైక్ క్లచ్ జారుతోందని షెడ్డుకెళ్తే, మెకానిక్ "ప్లేట్లు పోయినయ్" అనగానే బుద్ధిగా తలూపి తాళం ఇచ్చి వచ్చేస్తాం. కారణం తెలియకుండా పార్టు మార్చడం కూడా రీస్టార్టే. కాకపోతే దీనికి వేలల్లో బిల్లవుతుంది.

అసలు క్లచ్ జారడమంటే ఏంటి? మన గేర్ల బళ్లలో దాదాపు అన్నిట్లోనూ ఉండేది ఇంజనాయిల్లో తడిసే మల్టీప్లేట్ క్లచ్. ఫ్రిక్షన్ ప్లేటు, స్టీల్ ప్లేటు ఒకదాని తర్వాత ఒకటి పేర్చి, స్ప్రింగులతో నొక్కిపెట్టి ఉంచుతారు. లివర్ నొక్కితే ఆ ఒత్తిడి పోయి ప్లేట్లు విడిపోతాయి. కాబట్టి నొక్కకుండానే జారుతోందంటే అనుమానితులు ప్రధానంగా నలుగురు: బిగుసుకున్న కేబుల్, తప్పు ఆయిల్, నీరసించిన స్ప్రింగులు, అరిగిన ప్లేట్లు. మొదటి ఇద్దరినీ పట్టుకోవడానికి ఇంజన్ విప్పక్కర్లేదు. విచిత్రమేంటంటే మన షెడ్లలో చాలాసార్లు విచారణ నాలుగోవాడితో మొదలవుతుంది!

ముందు జబ్బు అదేనని తేల్చుకోవాలి. ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్లో 40 దగ్గర వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తిప్పండి. ఇంజన్ గోల ఒక్కసారిగా పెరిగి స్పీడు మాత్రం పెరక్కపోతే క్లచ్ జారుతున్నట్టే. రెండూ మందంగా పెరుగుతుంటే కథ వేరు, ఎయిర్ ఫిల్టరో ప్లగ్గో పట్టేసిన బ్రేకో చూసుకోవాలి.

తర్వాత కేబుల్. లివర్ చివర కొంచెం ఖాళీ కదలిక ఉండాలి. చాలా బళ్లకి ఇది 10 నుంచి 20 మిల్లీమీటర్లు, మీ బండి లెక్క మాన్యువల్లో ఉంటుంది. అసలు కదలికే లేకపోతే, మీరు నొక్కకపోయినా క్లచ్ కొంచెం నొక్కే ఉన్నట్టు. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ ఖాళీ దానంతటదే తగ్గుతూ వస్తుంది కూడా. ఇది చూడకుండా కొత్త ప్లేట్లు వేసి, కేబుల్ మళ్లీ బిగించేస్తే అవీ కాలిపోతాయి.

మూడోది ఆయిల్. కారులో మిగిలింది కదా అని బైక్‌లో పోసేవాళ్లున్నారు. "ఎనర్జీ కన్సర్వింగ్" లాంటి ముద్ర ఉన్న కారు ఆయిల్లో రాపిడి తగ్గించే రసాయనాలుంటాయి. మన క్లచ్ బతికేదే రాపిడి మీద. డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో లేదో చూడండి. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకి.

ఇవన్నీ సరిగ్గా ఉండి ఇంకా జారుతుంటే అప్పుడు విప్పించండి. విప్పాక కూడా కంటితో తేల్చెయ్యకూడదు. ఫ్రిక్షన్ ప్లేటు మందం, స్ప్రింగు పొడవు వెర్నియర్‌తో కొలవాలి. స్టీల్ ప్లేటు వంగిందేమో అద్దం మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడాలి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లని ఆయిల్లో నానబెట్టాకే బిగించాలి.

నా 150 సీసీ బండి అనంతగిరి ఘాట్ ఎక్కలేక మొరాయించినప్పుడు తెలిసిన షెడ్డుకే తీసుకెళ్లాను. అతను ఒక రౌండు కొట్టొచ్చి "మొత్తం సెట్ మార్చాలె అన్నా" అన్నాడు. లివర్ చూస్తే ఖాళీ కదలిక సున్నా. అక్కడే స్పానర్ అడిగి, లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్ నాలుగు చుట్లు తిప్పాను. జారడం ఆగిపోయింది. "ముందు ఇది చూడొచ్చు కదన్నా" అంటే, అతనన్న మాట ఇది: "కేబుల్ తిప్పినందుకు పైసలెవరిస్తరన్నా?"

కోపం తెచ్చుకోవడం సులువే. కానీ ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పార్టుకి వెయ్యి అడిగితే మారుమాట లేకుండా ఇస్తాం, చూసి చెప్పినందుకు వంద అడిగితే "చూడ్డానిక్కూడా డబ్బులా?" అంటాం. ఏ పార్టూ అమ్మకుండా, ఆలోచించినందుకు గంటల లెక్కన బిల్లు వేసుకుని బతికే మనమే ఇలా అంటే ఎలా? రోగం కనుక్కోవడానికి విలువ లేనప్పుడు, మెకానిక్ పార్టులు అమ్మకుండా ఇల్లెలా నడుపుతాడు? అలాగని ఉన్నది అరిగిందని అబద్ధం చెప్పడాన్ని నేను సమర్థించను. కానీ అతన్ని అటు నెట్టడంలో మన చెయ్యి కూడా ఉంది.

ఇది డబ్బుతో పోయేది కూడా కాదు. లారీని ఓవర్‌టేక్ చేస్తూ సగంలో ఉన్నప్పుడు క్లచ్ జారితే, ఎదురుగా బస్సు వస్తుంటే, అప్పుడు అడ్జస్ట్ చేసుకోవడానికి ఏమీ ఉండదు.

కాబట్టి ఈసారి షెడ్డుకెళ్తే "ఏం మార్చాలి?" అని అడక్కండి. "ఎందుకు జారుతోందో చూసి చెప్పన్నా, చూసినందుకు డబ్బులిస్తా" అనండి. నిజంగానే ఇవ్వండి. ప్లేట్లు మార్చక తప్పకపోతే పాతవి కొలిచి చూపించమనండి.