బొద్దింకకు అన్ని పోర్షన్లూ ఒకటే

టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లు అడిగే ప్రశ్నలు సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా ఒకటే. నీళ్లు రోజూ వస్తాయా, కరెంటు మీటరు వేరేనా, బండి పెట్టుకోవడానికి చోటుందా, అడ్వాన్సు ఎన్ని నెలలు? ఓనరు అడిగేవీ కొత్తవేం కావు. ఎంతమంది ఉంటారు, ఏం చేస్తారు, మాంసం వండుతారా? బొద్దింకల మాట మాత్రం ఇటునుంచీ రాదు, అటునుంచీ రాదు. ఇల్లు చూడ్డానికి వెళ్లేది పగటిపూట, అవి బయటికొచ్చేది రాత్రిపూట. సామాను దించి, పాలు పొంగించి, అలసిపోయి పడుకుని, మంచినీళ్లకని లేచి వంటింట్లో లైటు వేస్తే గానీ ఆ ఇంట్లో ముందునుంచీ కాపురముంటున్నదెవరో తెలియదు.

తెల్లారితే ఇక తగువే. ‘మేమున్నన్నాళ్లు ఒక్కటి లేదు, మీ సామాన్లతోనే వచ్చినయ్’ అంటుంది ఓనరమ్మ. ‘దిగిననాడే చూసినం, ముందున్నోళ్లు విడిచిపోయిన్రు’ అంటుంది కిరాయికి దిగినావిడ. తమాషా ఏమిటంటే ఇద్దరి మాటా నిజమే కావచ్చు. మన ఇళ్లలో తిరిగే బొద్దింకలు ముఖ్యంగా రెండు రకాలు. చచ్చినదాన్ని ఒకదాన్ని తిప్పి చూసి అది ఏ రకమో తెలుసుకుంటే సగం తగువు అక్కడే తీరిపోతుంది.

అంగుళంన్నర పొడవు, ఎర్రటి గోధుమరంగు, అప్పుడప్పుడు రెక్కలు విప్పి మీదికొచ్చేది అమెరికన్ బొద్దింక. దాని అసలు కాపురం డ్రైనేజీ గొట్టాల్లో, చాంబర్లలో, సెప్టిక్ ట్యాంకులో. ఇంట్లోకి వచ్చే దారి బాత్రూం జాలీ, లేదా సింకు గొట్టం గోడలోకి దూరేచోట వదిలేసిన సందు. వానాకాలం కాలువలు నిండితే పైకి ఎక్కి వస్తుంది. ఎంత శుభ్రంగా ఉండేవాళ్ల ఇంట్లోకైనా వస్తుంది. దీనికి కిరాయిదారుడి సామానుతో పని లేదు. కట్టేటప్పుడు మేస్త్రీ వదిలేసిన సందులకు, తర్వాత ఓనరు చూడని జాలీలకు మాత్రమే పని ఉంది.

రెండోది అర అంగుళానికి మించదు. లేత గోధుమరంగు, తల వెనక రెండు నల్లటి చారలు. రెక్కలుంటాయి గానీ ఎగరదు, పరుగెత్తుతుంది. ఇది జర్మన్ బొద్దింక. వెచ్చగా, తడిగా, ఇరుకుగా ఉన్న చోటును వెతుక్కుంటుంది. ఫ్రిజ్ మోటారు, గ్యాస్ పొయ్యి అడుగు, అలమర తలుపు బందులు, చివరికి మిక్సీ లోపల కూడా. ఇది నడిచి వచ్చేదానికన్నా మనం మోసుకొచ్చేదే ఎక్కువ. సామాను సర్దిన అట్టపెట్టెలు, గోనెసంచులు, సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్‌లు దాని వాహనాలు. తల్లి తన గుడ్ల తిత్తిని పిల్లలు బయటికొచ్చే వేళదాకా ఒంటికి అంటించుకునే తిరుగుతుంది. ఆ తిత్తి వడ్లగింజంత ఉంటుంది, అందులో ముప్పై నలభై గుడ్లు. పుట్టిన పిల్లలు రెండు నెలల్లో పెద్దవై తామూ తిత్తులు మోస్తాయి. దసరాకు దిగిన సామానులో ఒక్క తల్లి వస్తే చాలు, సంక్రాంతికల్లా రెండో తరం తయారు.

ఎవరి సామానులో వచ్చిందన్న తగువు దేశాల మధ్య కూడా నడిచింది. 1767లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీనికి జర్మనీ పేరు తగిలించాడు. రష్యన్లు దీన్ని ప్రష్యా పురుగన్నారు, జర్మన్లు రష్యా పురుగన్నారు. 17 దేశాల నుంచి సేకరించిన బొద్దింకల జన్యువులను చూసి 2024లో శాస్త్రవేత్తలు చెప్పిందేమిటంటే, అది సుమారు 2,100 ఏళ్ల కిందట భారత్‌లోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి పుట్టింది. అంతా కలిసి పక్కింటికి తోసేసిన పురుగు చివరికి మనింటిదే అయింది.

మిర్యాలగూడలో కింద కిరాణా కొట్టు, పైన రెండు పోర్షన్లు ఉన్న ఇల్లొకటి ఊహించుకోండి. రోజూ బస్తాలు, అట్టపెట్టెలు దిగుతుంటాయి. పైపోర్షనులో వంటింటి గొట్టం, కరెంటు పైపు కొట్టు గోడలోంచే వెళ్తాయి. పైన ఉన్నావిడ బజారు నుంచి స్ప్రే డబ్బా తెచ్చి వంటిల్లంతా కొడుతుంది. పది చస్తాయి, ఆవిడకు తృప్తి. మిగిలినవి ఆ ఘాటుకు చెదిరి గొట్టాల సందుల్లోంచి పక్క పోర్షనుకు వెళ్తాయి. వారం తర్వాత వాళ్లూ కొడతారు. ఇవి వెనక్కి వస్తాయి. ఏడాది పొడుగునా డబ్బాలు కొన్నవాళ్లదే ఖర్చు. గీతలు గీసే సుద్దముక్కలదీ, వాష్‌బేసిన్‌లో వేసే కలరా ఉండలదీ ఇదే కథ. కొన్ని చావొచ్చు, కొన్ని తప్పుకోవచ్చు, మంద మాత్రం తరగదు.

అన్ని పోర్షన్ల తలుపులూ ఒకే రోజు తీయించగల మనిషి ఆ ఇంటికి ఒక్కరే, ఓనరు. ఎవరివల్ల వచ్చినా, పోగొట్టే పని ఓనరుదే అనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

కానీ చాలామంది ఓనర్లు మొదట వెతికేది మందును కాదు, దోషిని. మాంసం వండేవాళ్లకు ఇస్తే పురుగులు పడతాయన్న మాట మూడు ఊళ్లలోనూ వినబడేదే. దానికి ఆధారమేమీ లేదు. బొద్దింకకు అన్నం మెతుకు, చక్కెర పలుకు, నూనె మరక, పుస్తకం అట్టకు రాసిన జిగురు, సబ్బుముక్క అన్నీ తిండే. మడికట్టుకుని వండిన వంటింట్లో కూడా పొయ్యి వెనక కారిన నూనె తుడవకపోతే దానికి విందే. అన్నిటికన్నా ముందు దానికి కావలసింది నీళ్లు. కారుతున్న కొళాయి ఎన్ని మాంసం కూరలకైనా సమానం. ఎంగిలి గిన్నెలు రాత్రంతా సింకులో ఉంచకపోవడం, చెత్తబుట్టకు మూత పెట్టడం కిరాయిదారు చేయాల్సిందే, అందులో సందేహం లేదు. 2000ల మొదట్లో ఇంటింటికీ తిరిగి తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకుని, వీధి కుండీలే లేకుండా చేసి దేశమంతా పేరు తెచ్చుకున్న ఊరు సూర్యాపేట. చెత్త వేరుచేయడం అక్కడివాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

నింద వేయడంలో ఇంకో నష్టం ఉంది. బొద్దింకల మాటెత్తితే ఖాళీ చేయమంటారన్న భయం ఉన్నవాళ్లు నోరెత్తరు. నాలుగు కనిపించినప్పుడు చెప్పాల్సినవాళ్లు నాలుగు వందలయ్యాక కూడా దాస్తారు. ఈలోగా వాటి విసర్జన, రాల్చిన పొట్టు పొడై గాలిలో కలుస్తుంది. అది ఉబ్బసం ఉన్న పిల్లలకు చేటు. అమెరికా నగరాల్లోని పేదల వాడల్లో చేసిన పరిశోధన 1997లో అచ్చయింది. బొద్దింకల పొడి పడకపోయినా అదే ఇంట్లో దాన్ని పీలుస్తూ పెరిగిన ఉబ్బసం పిల్లలు మిగతావాళ్లకన్నా మూడు రెట్లకు పైగా ఆస్పత్రి పాలయ్యారని అందులో తేలింది.

మరి చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కిరాయిదారుకు మామూలుగా కనబడని ముఖ్యమైన లోపాన్ని యజమాని ముందే చెప్పాలి. పగలు కనబడని బొద్దింకలు ఆ లెక్కలోకి వస్తాయా అన్నది వకీళ్లు వాదించుకోవాల్సిన సంగతి. 2021లో కేంద్రం రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చిన అద్దె చట్టంలో ఎవరి పని ఏదో ఒక పట్టిక ఉంది. గొట్టాలు మార్చడం, సున్నం వేయించడం యజమానికి. డ్రైన్ శుభ్రం చేయడం, కొళాయి బాగుచేయించడం కిరాయిదారుకు. బొద్దింక మాట అందులో లేదు. అది గొట్టంలోంచి వస్తుంది, డ్రైనులో బతుకుతుంది, కొళాయి నీళ్లు తాగుతుంది. కాబట్టి పట్టిక చూసి పంచుకోవడం కుదరదు. పదకొండు నెలల అగ్రిమెంటు ఎలాగూ రాసుకుంటున్నారు గనక అందులోనే రెండు మాటలు చేర్చుకోవడం మేలు. ఏడాదికి రెండుసార్లు మందు పెట్టించే ఖర్చు ఓనరుది, ఆ రోజు తలుపు తీసి అలమరలు ఖాళీ చేసి ఇవ్వాల్సిన పూచీ కిరాయిదారుది.

మందు విషయంలో ఒక హెచ్చరిక ముందు చెప్పాలి. చుట్టూ సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, రైస్ మిల్లులు ఉన్న ప్రాంతం కావడంతో ఇక్కడ పొలం మందులు, గోదాము మందులు చేతికి అందుబాటులో ఉంటాయి. ధాన్యం నిల్వల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలను ఇంట్లో పెట్టడం ప్రాణాంతకం. అవి వదిలే ఫాస్ఫీన్ వాయువు సందుల్లోంచి పక్క పోర్షనులో నిద్రపోతున్నవాళ్ల దాకా వెళ్తుంది. వాటిని వాడే అనుమతి ప్రభుత్వ సంస్థలకు, గుర్తింపు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లకే. ఒకప్పుడు ఇళ్లలో తెగ చల్లిన డైక్లోర్వాస్‌ను కూడా 2018 ఆగస్టు ఉత్తర్వుతో 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో ఆపేశారు. పాత సీసా అటక మీద ఉంటే అది పనికొచ్చే సరుకు కాదు.

జర్మన్ రకానికి ఇప్పుడు బాగా పనిచేస్తున్నది జెల్. శనగగింజ కన్నా చిన్న చుక్కలుగా బందుల దగ్గర, ఫ్రిజ్ వెనక, పొయ్యిగట్టు కింద పెట్టాలి. ఒక్కచోట ముద్దగా కాదు, ఎక్కువ చోట్ల కొంచెం కొంచెంగా. తిన్నది గూటికి వెళ్లి చస్తుంది, దాన్ని, దాని విసర్జనను తిన్న మిగతావీ చస్తాయి. అందుకే జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదు, ఫినాయిల్‌తో తుడవకూడదు. స్ప్రే వాసన తగిలితే అవి చుక్క దగ్గరికే రావు. తిత్తిలో ఉన్న గుడ్లకు మందు తగలదు గనక మూడు నాలుగు వారాలకు రెండోసారి పెట్టాలి. ఒకసారి పెట్టి ‘పోయినయ్’ అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. చుక్కలు ముట్టకుండా అలాగే ఉంటే మందు రకం మార్చాలి. గ్లూకోజ్ చేదుగా తోచేలా మారిపోయిన జర్మన్ బొద్దింకలు ఉన్నాయని అమెరికా శాస్త్రవేత్తలు 2013లో రుజువు చేశారు. తీపి ఎరను అవి ముట్టవు. ఎన్ని మిగిలాయో తెలియాలంటే రాత్రి జిగురు అట్టలు పెట్టి పొద్దున లెక్కపెట్టడమే.

పెద్ద రకానికి జెల్‌కన్నా మేస్త్రీ ముఖ్యం. సింకు గొట్టం చుట్టూ సందు తెల్ల సిమెంటుతో మూయించడం, చాంబరు మూత పగిలితే మార్చడం, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి సన్న జాలీ కట్టించడం. ఇవన్నీ ఒక్క పూట పని.

దీనికంతటికీ మంచి అదను ఇల్లు ఖాళీ అయినప్పుడు. కోదాడలో కాలేజీ పిల్లలకిచ్చే గదులు వేసవి సెలవుల్లో ఎలాగూ ఖాళీ అవుతాయి. చాలామంది ఓనర్లు అప్పుడు సున్నం వేయిస్తారు, బోర్డు పెడతారు, తాళం వేస్తారు. సున్నానికి ముందు అలమరలు, గట్టు కింద పగుళ్లు మూయించి, జెల్ పెట్టించి, పక్క పోర్షన్లకూ అదే రోజు పెట్టించాలి. తాళం వేసిన ఇంట్లో ఇంకో చిక్కు వస్తుంది. బాత్రూం నహానీ ట్రాప్‌లో, సింకు వంపుగొట్టంలో ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలిచి ఉండేలా కట్టేది కింది కంపు, పురుగులు పైకి రాకుండానే. వాడకం లేకపోతే ఎండలకు ఆ నీళ్లు ఇగిరిపోయి దారి తెరుచుకుంటుంది. కొత్తవాళ్లు దిగేదాకా వారానికోసారి వెళ్లి ఒక్కో ట్రాప్‌లో చెంబెడు నీళ్లు పోసి రావాలి.