చిన్నపిల్లలు, ఎదిగిన పిల్లలు, మధ్యన ఓడ

కిందటి సంక్రాంతి సెలవుల్లో మేం తొమ్మిదిమందిమి ఓడెక్కాం. ముంబైలో ఎక్కి, గోవా చూసుకుని, మళ్ళీ ముంబైలో దిగడం. మొత్తం మూడు రాత్రులు. వచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో ఆడవాళ్ళంతా ఒకటే అడగడం, ‘ఎంతయ్యింది? పిల్లలు భయపడలేదా? వాంతులయ్యాయా?’ అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఇక్కడ రాసేస్తే నయం కదా అనిపించింది.

అసలు చిక్కంతా మా తొమ్మిదిమందిలోనే ఉంది. మా బావగారి చిన్నవాడికి నాలుగేళ్ళు, మా పాపకి ఎనిమిది. బావగారి అమ్మాయికి పద్నాలుగు, మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఇక మా అత్తగారు. ఒకడికి ఈతకొలను కావాలి, ఒకడికి వైఫై కావాలి, ఒకావిడకి నీళ్ళే వద్దు. అత్తగారిది రాజమండ్రి. పాపికొండల లాంచీ ఎన్నిసార్లు ఎక్కారో ఆవిడకే తెలియదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి అంతమంది పోయినప్పట్నుంచీ గోదావరి గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టుకోవడమే తప్ప పడవ పేరెత్తితే ఊరుకోరు. ‘మీరు వెళ్ళి రండర్రా, నేను ఇంట్లో పిల్లికి పాలు పోస్తూ కూర్చుంటా’ అన్నారు. ఆవిణ్ణి ఒప్పించడానికి మా తోటికోడలికీ నాకూ దీపావళి నుంచి క్రిస్మస్ దాకా పట్టింది.

ముందు ఎప్పుడు వెళ్ళాలన్నది తేల్చుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాలతో అరేబియా సముద్రం కుదురుగా ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల భయం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. కానీ ఇంట్లో ఇంటర్ పిల్లలుంటే ఫిబ్రవరి తర్వాత ఊసెత్తకూడదు. ప్రాక్టికల్సనీ, పరీక్షలనీ, ఆ తర్వాత ఎంట్రన్సులనీ మే నెల దాటేదాకా వాళ్ళ మొహం మనకి కనబడదు. అందుకే మాకు సంక్రాంతి తప్ప గతి లేకపోయింది. పండగ రేట్లు పండగ రేట్లే మరి!

రేటు దగ్గర చాలామంది మోసపోతారు. ఓడవాళ్ళు మోసం చేస్తారని కాదు, మనమే సగం చదివి మురిసిపోతాం. పెద్ద అక్షరాల్లో వేసే ధర ఒక గదిలో ఇద్దరు ఉంటే మనిషికి ఇంత అని. దాని మీద ఓడరేవు చార్జీలు, సిబ్బందికిచ్చే సర్వీసు చార్జీ, పన్ను కలుస్తాయి. అదే గదిలో మూడో మనిషికీ, నాలుగో మనిషికీ మామూలుగా తగ్గింపు ఉంటుంది. కాబట్టి ఏజెంటుని ఒకే ఒక్క మాట అడగండి. ‘మా ఇంటిల్లిపాదీ ఎక్కి దిగేదాకా కట్టాల్సింది మొత్తం ఎంత? కాయితం మీద రాసివ్వండి’ అని. భోజనం టిక్కెట్టులోనే ఉన్నా కూల్‌డ్రింకులు, స్పెషల్ హోటళ్ళు, గోవాలో తిప్పే బస్సు, ఇంటర్నెట్టు, ఇవన్నీ విడిగా లెక్క. ఓడలో డబ్బులు చేతిలోంచి తీసివ్వం. గది తాళంగా ఇచ్చే కార్డే పర్సు కూడా. పిల్లల కార్డుల్లో కొనే సదుపాయం ఆపేయమని ఎక్కిన వెంటనే కౌంటర్లో చెప్పుకోవచ్చు. మేం చెప్పలేదు. మావాడూ, బావగారమ్మాయీ కలిసి మొదటి సాయంత్రమే రంగురంగుల షర్బత్తులు తాగిన బిల్లు చూసి మా బావగారు చాలాసేపు సముద్రం వంకే చూస్తూ ఉండిపోయారు.

గదుల సంగతి. కిటికీ లేని గది, కిటికీ ఉన్న గది, బాల్కనీ గది అని ఉంటాయి. మా తోటికోడలికి బాల్కనీ మీద మనసు. నేను వద్దన్నాను. నాలుగేళ్ళవాడున్న ఇంట్లో బాల్కనీ అంటే తల్లికి నిద్ర ఉండదు. కటకటాలు ఎత్తుగానే కడతారు, కానీ అక్కడే రెండు కుర్చీలు కూడా వేస్తారు. మనవాళ్ళకి కుర్చీ కనపడితే చాలు, పైకెక్కుతారు. కాదూ కూడదు బాల్కనీయే కావాలంటే ఆ కుర్చీలు గదిలోకి లాగేసి, తలుపు గొళ్ళెం ఎప్పుడూ వేసి ఉంచండి. మేం కిటికీ ఉన్న గదులు మూడు తీసుకున్నాం, కింది అంతస్తుల్లో, ఓడకి నడిమధ్యన. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఊయల బల్ల మధ్య ఊగు తక్కువ, చివర్న ఎక్కువ కదా, ఓడ కూడా అంతే. పై అంతస్తుల్లో, ముందు కొసన ఊపు ఎక్కువ.

మూడు గదుల్లో తొమ్మిదిమందిని సర్దడం పెళ్ళివారిని విడిదిలో సర్దినట్టే అయ్యింది. పై బెర్తు గోడలోంచి దించుతారు, నిచ్చెన మీద ఎక్కాలి, అది చిన్నపిల్లలకి కాదు. చివరికి బావగారూ, తోటికోడలూ, చిన్నవాడూ ఒక గది. అత్తగారూ ఇద్దరాడపిల్లలూ ఒకటి. మేమిద్దరం, మావాడు ఒకటి. మావాడు ‘నాకు వేరే గది’ అన్నాడు. వాళ్ళ నాన్నగారు ‘ఫీజు కట్టుకో’ అన్నారు. అక్కడితో సరి.

వాంతుల విషయం. మందు వాంతి మొదలయ్యాక వేస్తే ప్రయోజనం ఉండదు, ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. పిల్లలకి మోతాదు మీ డాక్టరుగారినే అడగండి. ప్రొమెథజైన్ రకం మందులు రెండేళ్ళలోపు పిల్లలకి ఇవ్వనే కూడదు. కడుపు ఖాళీగా ఉంచకండి, అలాగని బఫేలో కనపడిందల్లా పెట్టకండి. తల తిరుగుతోందంటే పడుకోబెట్టి ఫోను చేతికివ్వడం కాదు, పైకి గాలిలోకి తీసుకెళ్ళి దూరంగా ఆకాశం, నీళ్ళూ కలిసేచోటుని చూడమనండి. మేం అల్లంమురబ్బా తీసుకెళ్ళాం. బాగా పనిచేసింది. అదీ దుకాణంలో సీలు వేసిన పొట్లం కాబట్టి లోపలికి వచ్చింది.

ఎందుకంటే ఇంట్లో వండినవేవీ రానివ్వరు. మా తోటికోడలు చీర మడతల్లో చుట్టి పెట్టిన ఆవకాయ సీసా ఓడరేవులోనే స్కానింగు బల్ల దగ్గర దొరికిపోయింది. ‘ఇంట్లో చేసిందండీ, మంచిదే’ అని ఆవిడ హిందీలో బతిమాలింది కూడా. వాళ్ళు నవ్వారు గానీ సీసా ఇవ్వలేదు. కెటిలు, ఇస్త్రీపెట్టె కూడా నిప్పు భయంతో తీసేసుకుంటారు. బిస్కట్లు, పసిపిల్లల డబ్బాపాలు లాంటివి సీలు తియ్యకుండా పెట్టుకుంటే పేచీ ఉండదు. శాకాహారులైతే టిక్కెట్టు కొనేటప్పుడే చెప్పాలి. అన్నట్టు, చిన్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టుకోండి. స్నానాలగదిలో మనకి కావలసింది అదే, అక్కడ లేనిదీ అదే.

పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుని కొన్ని గంటలయ్యాక గదికి చేరుస్తారు. అందుకని మందులు, కాయితాలు, పిల్లలకో జత బట్టలు, ఈత బట్టలు చేతిసంచీలో ఉండాలి. నూలు చుడీదారుతో కొలనులోకి దిగనివ్వరు, ఈతకి పనికొచ్చే నైలాను బట్టలుండాలి. డైపర్లు వాడే పిల్లల్ని చాలా ఓడల్లో కొలనులోకి దింపనివ్వరు. ఈడొచ్చిన ఆడపిల్లకి నెలసరి తేదీ ముందే చూసుకోండి. తేదీ దగ్గర్లో లేకపోయినా నాప్కిన్లు పెట్టుకోండి. ప్రయాణంలో తేదీలు మాట వినవు, ఓడ దుకాణంలో మనకి కావలసిన రకం దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. బయల్దేరే ముందే అమ్మాయితో ఈ మాట నెమ్మదిగా మాట్లాడి ఉంచితే అక్కడ మొహం మాడ్చుకుని గదిలో కూర్చునే పని ఉండదు.

కాయితాలంటే, మన దేశంలోనే తిరిగే ఓడకి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు పిల్లలకి కూడా ఉండాలి. సింగపూర్ లాంటి చోట ఎక్కి వేరే దేశం చూసి మళ్ళీ అక్కడే దిగేదైతే పాస్‌పోర్టుకి ఆరునెలల గడువు, రెండోసారి లోపలికి రానిచ్చే వీసా ఉన్నాయో లేదో చూసుకోండి. అక్క పిల్లల్నో, ఆడపడుచు పిల్లల్నో వెంట తీసుకెళ్తే వాళ్ళ అమ్మానాన్నల అంగీకారపత్రం అడగచ్చు. ఆర్నెల్ల లోపు పసివాళ్ళనీ, ఇరవైనాలుగు వారాలు నిండిన గర్భిణులనీ చాలా ఓడలు ఎక్కించుకోవు.

ఎక్కగానే లైఫ్ జాకెట్టు డ్రిల్లుకి పిలుస్తారు. ఎదిగిన పిల్లలు ‘అబ్బా, బోరు’ అంటారు. చెవి మెలిపెట్టి అయినా తీసుకెళ్ళండి. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే పెద్ద ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కినవాళ్ళకి అప్పటికింకా డ్రిల్లే కాలేదు. ఆ తర్వాతే ఓడ కదిలే ముందు గానీ, కదిలిన వెంటనే గానీ డ్రిల్లు జరిగి తీరాలని నియమం మార్చారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే ఎక్కడికి చేరాలో పిల్లలు నోటికి అప్పజెప్పాలి. చిన్నవాళ్ళకి చిన్న సైజు జాకెట్లుంటాయి, అడిగి వేసి చూడండి. మా అత్తగారు ఆ డ్రిల్లంతా ముందు వరసలో నిలబడి విన్నారు. ‘లాంచీలో ఎవడూ ఇంత చెప్పలేదే’ అన్నారు. అప్పట్నుంచి ఆవిడ మొహంలో కాస్త తేట కనిపించింది.

ఇక అసలు సంగతి. తీరం దాటాక మన ఫోన్లు పనిచెయ్యవు. ఓడలో ఉండే సిగ్నలు తగిలితే బిల్లు వాచిపోతుంది కాబట్టి ఎక్కేటప్పుడే విమానం గుర్తు నొక్కేసుకోవాలి. మేం ఒక్క ఫోనుకే వైఫై కొన్నాం. అంటే పిల్లలు కంటికి దూరమైతే పిలిచే దారి లేదన్నమాట. చిన్నవాళ్ళతో బాధ లేదు, వాళ్ళని ఆడించే గది ఉంది, సంతకం పెట్టి వదలడం, సంతకం పెట్టి తెచ్చుకోవడం. పదమూడు దాటిన వాళ్ళు అక్కడికి పొమ్మంటే అవమానపడతారు. వాళ్ళని గొలుసుతో కట్టలేం.

రెండో రాత్రి, ఓడ గోవా వదిలాక, బావగారమ్మాయిని మావాడితో డాన్సు ప్రోగ్రాముకి పంపాం. పదింటికి థియేటరు గుమ్మం దగ్గరుండాలని మాట. పదింటికి మావాడొక్కడే వచ్చాడు. ‘చెప్పు తెగింది, మార్చుకొస్తానని గదికెళ్ళింది’ అన్నాడు. గదికెళ్తే మా పాప ఒక్కతే నిద్రపోతోంది. అమ్మాయీ లేదు, అత్తగారూ లేరు! పదిన్నర అయ్యింది. మగవాళ్ళు పై అంతస్తులకి, మేం కిందికి. మా తోటికోడలు మెట్ల మీద కూర్చుండిపోయింది. ‘కటకటాల దగ్గరికి వెళ్ళిందేమోనే’ అని ఒకటే మాట. నేను ధైర్యం చెబుతున్నాను గానీ నా కాళ్ళు కూడా వణుకుతూనే ఉన్నాయి. కౌంటర్లో చెబితే వాళ్ళు అమ్మాయి కార్డులోని ఫోటో చూసి, వైర్‌లెస్సులో నాలుగు మాటలు మాట్లాడారు. పది నిమిషాల్లో కబురొచ్చింది. తొమ్మిదో అంతస్తులో, ఆరుబయట, నాయనమ్మా మనవరాలూ ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నారు.

జరిగిందేమిటంటే, అమ్మాయి చెప్పులు మార్చుకోడానికి వచ్చేసరికి అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారట. ‘నిద్ర పట్టట్లేదే, ఒక్కసారి నీళ్ళు చూపించు, ఎంత నల్లగా ఉన్నాయో చూద్దాం’ అన్నారట. మా పాపని లేపి ‘అమ్మకి చెప్పు’ అన్నారట. అది ‘ఊఁ’ అని అటు తిరిగి పడుకుంది. మేం రొప్పుతూ వెళ్ళేసరికి అత్తగారు ‘ఏమర్రా, ఎందుకా ఏడుపు? కూర్చోండి. చుక్కలెన్నున్నాయో చూడండి’ అన్నారు. తోటికోడలు కూతుర్ని కొట్టబోయి, అత్తగారి మొహం చూసి, ఆ దుప్పట్లోనే దూరి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అందరం కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాం. అసలు బయల్దేరే ముందే ఇంట్లో రాసుకోవలసింది. ప్రతి గదిలోనూ తలుపు దగ్గర కాయితం, పెన్సిలు. ఎవరు ఎక్కడికి వెళ్ళినా చోటు, గంట రాసి వెళ్ళాలి, అత్తగారితో సహా. పిల్లలందరి చేతికీ వాచీ. తిండికి రెండు పూటలా ఒకే బల్ల, పన్నెండున్నరకీ ఎనిమిదింటికీ, ఎవరికీ మినహాయింపు లేదు. రాత్రి పదిన్నర తర్వాత బయటి అంతస్తులకి పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకూడదు. ఎవరి గదిలోకీ వెళ్ళకూడదు, ఎంత మంచి స్నేహితులైనా సరే. ఈ ఆఖరి మాట మావాడికీ, అమ్మాయికీ ఒకేలా చెప్పాం. ఆడపిల్లకే చెబితే దానికి కోపమొస్తుంది, రావడం న్యాయమే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం వాళ్ళిష్టం, ఎవరూ అడగకూడదు. ఆ షరతు వాళ్ళు పెట్టిందే. మేం తలూపాం. మిగతావన్నీ వాళ్ళు కిక్కురుమనకుండా పాటించారంటే అదే కారణమని నా అనుమానం.

గోవా లాంటి చోట దిగితే తిరిగి ఎక్కవలసిన గంట కార్డు వెనక రాసుకోండి. ఓడ మన బస్సు కాదు, పిల్లాడికి ఐస్‌క్రీము కొనేదాకా ఆగదు. తినే ముందు చేతులు సబ్బుతోనే కడిగించండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి తొందరగా అంటుకుంటాయి, ఆ పురుగు జెల్ రాసుకుంటే పోయే రకం కాదు.

ఇంటికొచ్చాక మా అత్తగారు పక్కింటి వాళ్ళకి ఓడ గురించి రోజూ చెబుతున్నారు. కచ్చులూరు మాటొస్తే ఇప్పటికీ కళ్ళొత్తుకుంటారు. ‘దసరాకి మళ్ళీ వెళ్దామా?’ అని మావాడు అడిగితే, ‘ఆవకాయ పట్టుకు రానిస్తే చూద్దాం’ అన్నారు.