కంప్యూటరుకూ వడదెబ్బ!

పిల్లలూ! ఎవరింటికైనా కొత్త కంప్యూటరు వస్తే చూడవచ్చిన వాళ్ళంతా ముందుగా అడిగేది, "దీని వేగమెంత?" అని. "దీనికి గాలి ఎలా ఆడుతుంది?" అని అడిగేవాళ్ళు అరుదు. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె వంటి ఎండ ఊళ్ళలో మాత్రం మొదట అడగవలసింది ఆ రెండో ప్రశ్నే అని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

కంప్యూటరులో లెక్కలు చేసే ముఖ్యభాగం ప్రాసెసరు. అదొక చిన్న సిలికాన్ ముక్క. దానిమీద కోట్లాది ట్రాన్సిస్టర్లు ఉంటాయి. చెక్కభజనలో తాళానికి అందరి అడుగులూ ఒక్కసారి పడ్డట్టు, ఇవన్నీ ఒక తాళం ప్రకారం పనిచేస్తాయి. 3 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 300 కోట్ల తాళాలన్నమాట! తయారుచేసినవారు నిర్ణయించిన తాళాన్ని మించి ప్రాసెసరును పరుగెత్తించడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే ప్రాసెసరును ఎంతోమంది 300 నుంచి 450 మెగాహెర్ట్జ్ వరకు పరుగెత్తించారు. ఖర్చు లేకుండా వేగం వస్తుందంటే ఎవరికి ఆశ ఉండదు?

కాని ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు. ప్రాసెసరులో పుట్టే వేడి వేగాన్ని బట్టి పెరుగుతుంది. వేగం పెంచినప్పుడు అది తడబడకుండా ఉండాలంటే తరచు వోల్టేజి కూడా పెంచాలి. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 20 శాతం, వోల్టేజి 10 శాతం పెంచామనుకోండి. 1.2 × 1.1 × 1.1 = 1.452. అంటే 20 శాతం వేగం కోసం దాదాపు 45 శాతం ఎక్కువ వేడిని భరించాలి!

"ఫ్యాను ఉంది కదా!" అంటారేమో. కుండలో నీరు గాలికన్నా చల్లగా ఉంటుంది, ఎందుకంటే కుండ పైన చెమర్చిన నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. ఫ్యానుకు ఆ విద్య తెలియదు. అది గదిలోని గాలినే ప్రాసెసరు మీది లోహపు రెక్కలకు తగిలేలా తోస్తుంది. కాబట్టి ప్రాసెసరు గదికంటే చల్లబడదు. ఉదాహరణకు, పని చేసేటప్పుడు ఒక ప్రాసెసరు గదికంటే 40 డిగ్రీలు వేడెక్కుతుందనుకుందాం. 25 డిగ్రీల గదిలో అది 65 డిగ్రీలు. మే నెలలో 43 డిగ్రీల గదిలో 83. ఇప్పుడు పై లెక్క ప్రకారం పరుగెత్తిస్తే ఆ 40 కాస్తా 58 అవుతుంది. 43కు 58 కలిపితే 101! చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. మనం పెంచిన వేగం కాస్తా గాలిలో కలిసిపోయినట్టే.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. చెక్కభజనలో తాళం మరీ హెచ్చిస్తే అడుగులు తప్పుతాయి. ప్రాసెసరు కూడా అంతే. ఒక లెక్క పూర్తికాకముందే తర్వాతి తాళం పడితే జవాబు తప్పుతుంది. కంప్యూటరు ఆగిపోతే మనకు తెలుస్తుంది. ఆగకుండా తప్పు జవాబిస్తే ఎలా తెలుస్తుంది? అందుకే ఓవర్‌క్లాకింగ్ చేసేవారు ప్రైమ్95 వంటి ప్రోగ్రాములతో గంటల తరబడి లెక్కలు చేయించి, ముందే తెలిసిన జవాబులతో సరిపోల్చుకుంటారు.

ఈ పాఠం పెద్ద కంపెనీలు కూడా నేర్చుకున్నాయి. 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తయారీ ఆలోచన మానుకుంది. ఒకే కోరును మరింత పరుగెత్తించే బదులు, ఒకే ప్రాసెసరులో రెండు, నాలుగు కోర్లు ఉంచి పని పంచే పద్ధతి వైపు మళ్ళింది.

మరి మనమేం చేయాలి? తుమ్మలపల్లెలో 2012లో ప్రారంభమైన యురేనియం గని భూగర్భ గని. అలాంటి గనిలో మనుషులు పనిచేయాలంటే మంచి గాలి లోపలికి వెళ్ళే దారీ, పాడైన గాలి బయటికి వచ్చే దారీ రెండూ ఉండాలి. కంప్యూటరు పెట్టెకూ ఆ రెండు దారులే ప్రాణం. దాన్ని గోడకు ఆనించకండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకండి. రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే, పెద్దవాళ్ళను పిలిచి కరెంటు తీయించి శుభ్రం చేయించండి. తడిగుడ్డ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది కుండకు మందు, కంప్యూటరుకు విషం!

ఓవర్‌క్లాకింగ్ అసలే వద్దని నేననను. పాత కంప్యూటరు ఒకటి ఉంటే, పెద్దల తోడుతో, చలికాలంలో, కొద్దికొద్దిగా వేగం పెంచుతూ ప్రతిసారీ ఉష్ణోగ్రత రాసుకోండి. అప్పుడది చక్కని ప్రయోగం. కాని బడి కంప్యూటరు నలుగురిదీ. దానిమీద మీ మార్కులుంటాయి, మీ స్నేహితుల పాఠాలుంటాయి. దాన్ని పరుగెత్తించే హక్కు ఏ ఒక్కరిదీ కాదు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు అననే అన్నారు. మండుటెండల్లో తప్పులేని జవాబిచ్చే కంప్యూటరే మంచి కంప్యూటరు. ఈసారి మీ బడి కంప్యూటరు గదిలోకి వెళ్ళినప్పుడు వేగం సంగతి అడిగే ముందు, దాని వెనక చేయి పెట్టి గాలి వస్తోందో లేదో చూడండి!